ఇటుకలో గాలి

నురుగు మళ్లీ కూలిపోయింది. అమీర్‌పేటలో తాను ఉంటున్న హాస్టల్ మేడ మీద, తెల్లని ప్లాస్టిక్ బకెట్ ముందు కూర్చుని మధులత ఆ పతనాన్ని ఐదోసారి చూసింది. పలుచని బంకమట్టిలో సబ్బు కలిపి నురుగు వచ్చేలా గిలకొట్టి, బుడగలు చితకకముందే గడ్డకట్టించి, ఆరబెట్టి కాలిస్తే స్పంజి వంటి ఇటుక రావాలి. నీళ్లను వడకట్టే ఇటుక. ఆమె పరిశోధన మొత్తం అదే. ఎనిమిది రోజుల్లో కాలిన ముక్క ఒక్కటైనా చూపకపోతే ఆ అంశం వదులుకోమని గైడు చక్రపాణి చెప్పేశారు. కాలేజీ ల్యాబులో మరమ్మతులు. బల్కంపేటలో బోనాల కుండలు కాల్చే ఐలయ్య బట్టీ శుక్రవారం వెలుగుతుంది. ఆపైన పండుగయ్యేదాకా వెలగదు. ఇవాళ ఆదివారం.

మట్టిని అనుమానించింది, నీటిని అనుమానించింది, చివరికి తన బుద్ధినే అనుమానించింది. తనను తాను తప్పుపట్టుకోవడంలో ఒక సుఖం ఉంది: ఇక వెతకనక్కరలేదు.

పక్క గది రుఖియా చాయ్ గ్లాసులతో మేడెక్కింది. పంజాగుట్టలో వాళ్ల నాన్నది బేకరీ.

"గీ బకెట్ ఎక్కడిది మధూ?"

"అమ్మ మామిడి తొక్కు పంపింది గదా, గదే. నాలుగుసార్లు సబ్బుతోని కడిగిన."

రుఖియా వంగి వాసన చూసి పకపకా నవ్వింది. "తొక్కు నువ్వు తిన్నవ్, నూనె బకెట్ తాగింది. తాగినంక ఇడుస్తదా? తెల్లసొన గిలకొట్టే గిన్నెకు నూనె చెయ్యి తగిలితే మా అబ్బా నన్ను దుకాణంల నుంచి ఎల్లగొడ్తుండె. నురుగు నిలవదు పిల్లా!"

మధులత నోట్సు తెరిచింది. మట్టి, నీరు, సబ్బు, అన్నీ తూకాలతో సహా ఉన్నాయి. వాటన్నిటినీ మోసిన పాత్ర గురించి ఒక్క మాట లేదు.

ఇద్దరూ రుఖియా స్టీలు గిన్నెను వేడినీళ్లతో కడిగి ఆరోసారి గిలకొట్టారు. నురుగులో గుచ్చిన చెంచా నిటారుగా నిలబడింది. గడ్డకట్టాక కోసిన సబ్బుబిళ్లంత ముక్కలు నాలుగు రోజులు రేకుల కింద ఆరాయి.

శుక్రవారం ఐలయ్య ఒక ముక్కను చేతిలో తూచి మొహం చిట్లించాడు. "మా నాయిన, మా తాత, అందరూ మట్టిని తొక్కి తొక్కి గాలిని ఎల్లగొట్టిన్రు బిడ్డా. గాలుంటే బట్టీల పేలుతది. నువ్వేమో పిలిచి కూసోబెట్టినవ్! నా కుండలు పలిగితే అమ్మోరి బోనం నీ ఇటుక మీద ఎత్తాల్నా?"

"తొవ్వ లేని గాలి పేలుతది కాకా. దీంట్ల ప్రతి బుడగ నుంచి పక్క బుడగలకు కిటికీ ఉన్నది."

"కిటికీ నువ్వు చూసినవా?"

చూడలేదు, నమ్మింది. ఆ రెంటి మధ్య దూరం ఆమెకు అప్పుడే తెలిసింది.

"చూడలే కాకా."

ఐలయ్య ముక్కను ఆమె చేతికి తిరిగిచ్చాడు. "చూసిన అంటే ఎనక్కి పంపిస్తుంటి. గా మూలకు పెట్టు, కుండలకు దూరంగ."

శనివారం రుఖియా కూడా వెంట వచ్చింది. బట్టీ విప్పారు. ఒక్క కుండా పగలలేదు. మూలన లేత ఎరుపు ముక్కలు బన్నుల్లా తేలిగ్గా ఉన్నాయి. ఐలయ్య బీడీ పీల్చి, ఒక ముక్కకు పెదవులానించి ఊదాడు. అవతలి వైపు నుంచి పొగ నూరు సన్నని పోగులై బయటికొచ్చింది.

"కిటికీలున్నయి!" అని మళ్లీ ఊదాడు. మూడోసారి ఊరికే ఊదాడు.

"కాకా, జర ఆగు! సోమవారం సారుకు చూపియ్యాలె. బీడీ వాసనొస్తే మధు ఏం చెప్తది?" అంది రుఖియా.

"నాకొకటి ఇడిచిపెట్టుమను మరి."

మధులత నవ్వుతూ ఒక ముక్క అతని చేతిలో పెట్టి, నోట్సులో కొత్త పుట తిప్పి మొదటి పంక్తి రాసింది: 'గిన్నె: స్టీలు, రుఖియాది. తొక్కు ఎరుగనిది.'