నా కింద మనిషి నిలబడగలిగితే

నేను ఒక ఇనుప స్టాండుని. సోలార్ పలకల్ని చూసి మీరందరూ మెచ్చుకుంటారు, ఫోటోలు తీసుకుంటారు. వాటిని ఎండకి ఎత్తిపట్టుకుని నిలబడ్డ నన్ను మాత్రం ఎవరూ పట్టించుకోరు. పోనివ్వండి. ఇవాళ నేనెంత సంబరంలో ఉన్నానంటే, ఆ విషయం మీద మీతో పేచీ పెట్టుకునే తీరిక కూడా లేదు.

గోదావరి గట్టు దిగువన యేసుబాబు వెల్డింగు షాపులో పుట్టాను. అతను నాకు పెట్టిన కాళ్ళని వీధిన పోయేవాళ్ళు ఆగి మరీ చూసేవారు. ఎంత పొడగరి అయినా నా కింద తల వంచకుండా తిరగొచ్చు. అంత ఎత్తు నా గొప్పకోసం కాదు, వెంకటరత్నం కోసం.

వెంకటరత్నం ఇప్పుడు నేనున్న మూడంతస్తుల అపార్ట్‌మెంట్లో పై వాటాలో ఉంటుంది. మినపప్పడాలు చేసి హోటళ్ళకి వేస్తుంది, అదే ఆవిడ బతుకుతెరువు. అప్పడం మండే ఎండలో పెడితే అంచులు లేచి పగిలిపోతుంది. అందుకని డాబా మీద వాసాలు నిలబెట్టి, పాత చీరలు కట్టి, ఆ నీడలో ఆరబెట్టుకునేది. గాలొస్తే చీరలు ఎగిరిపోయేవి, వాటివెనక అప్పడాలు, వాటివెనక వెంకటరత్నం.

ఆ అపార్ట్‌మెంట్ సంఘానికి పెద్ద భీమశంకరంగారు, రిటైరైన లెక్కల మేష్టారు. లిఫ్టుకీ నీళ్ళ మోటారుకీ సోలార్ కరెంటు పెట్టించాలని ఆయన పట్టుదల. దానికి డాబా అంతా కావాలి. "మీ చోటు ఎక్కడికీ పోదమ్మా. పైన పలకలు, కింద మీ అప్పడాలు. ఇంక ఆ చీరలతో పనే లేదు" అని మాటిచ్చారు. ఆవిడ ఎంత సంతోషించిందంటే, నన్ను డాబా మీద నిలబెట్టిన రోజు నా కాలికి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది.

ఆ బొట్టు చెరక్కముందే మున్సిపల్ ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు.

"దీని కింద మనిషి నిలబడగలడాండీ?"

"నిలబడగలడు. అందుకేగా ఇంత ఎత్తు పెట్టించాం!" అన్నారు మేష్టారు గర్వంగా.

"అయితే ఇది అంతస్తండి. మీకు నాలుగో అంతస్తుకి పర్మిషన్ లేదు."

ఆయన చెడ్డవాడేం కాదు. డాబాల మీద రేకులేసి గదులు అద్దెకివ్వకుండా ఎప్పుడో రాసిన రూలు అది. దాన్ని రాసినవాళ్ళు సోలార్ పలకని చూసి ఎరగరు. గోడల్లేవు, తలుపుల్లేవు, నేను అంతస్తునట! నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం పొంగిపోయాను. మర్నాడు యేసుబాబు చేతే కట్టరు మెషిను తెప్పించారు.

నా కాళ్ళు మోకాళ్ళ దాకా కోసేశారు. మనిషి నిలబడలేనిది అంతస్తు కాదు కదా, సంఘానికి మిగిలిన దారి అదొక్కటే. ఆ పొట్టికాళ్ళ మీదే పలకలు బిగించారు, కరెంటు వచ్చింది, లిఫ్టు కదిలింది, అందరూ చప్పట్లు కొట్టారు. వెంకటరత్నం పచ్చి అప్పడాల పళ్ళెం పట్టుకుని మెట్ల దగ్గరే నిలబడిపోయింది. డాబా నిండా నేనే. నా కింద పిల్లి తప్ప ఎవరూ దూరలేరు.

ఇంట్లో ఫ్యాను కింద ఆరబెట్టి చూసింది. ముసురు పట్టాక అప్పడాలకి బూజొచ్చింది, హోటలువాళ్ళు వెనక్కి పంపేశారు. "వేరే ఇల్లు చూసుకుంటున్నాను మేష్టారూ. ఆరబెట్టుకునే చోటు లేకపోతే నేనేం చేసుకు బతకను?" అంది. ఆయన తలెత్తలేకపోయారు. ఆవిడ చోటు ఆక్రమించింది నేను కదా, నాకు మాత్రం ఎలా ఉంటుంది చెప్పండి?

మా ఒక్క డాబాయే కాదు, ఊళ్ళో చాలా డాబాల మీద సోలార్ పనులు ఈ రూలు దగ్గరే ఆగిపోయాయి. చివరికి కట్టడాల రూల్సు మారుస్తామని, జనం అభిప్రాయం చెప్పమని మున్సిపల్ హాల్లో మీటింగు పెట్టారు. మేష్టారు వెంకటరత్నాన్ని వెంటబెట్టుకెళ్ళారు. అక్కడ జరిగింది మేష్టారు డాబా ఎక్కిన ప్రతివాళ్ళకీ చెబుతుంటే విని విని నాకు కంఠస్థం అయిపోయింది. అధికారులంతా కూర్చున్నచోట ఆవిడ లేచి నిలబడి అడిగిందట:

"మనిషి నిలబడగలిగిందల్లా అంతస్తయితే, మా అమ్మాయి పెళ్ళికేసిన తాటాకు పందిరి కూడా అంతస్తేనా బాబూ? దానిక్కూడా మీ పర్మిషన్ కావాలా?"

హాలంతా ఘొల్లుమంది. అధికారులూ నవ్వారట.

ఆ ఒక్క మాటతో రూలు మారిందని నేననను, అలా అడిగినవాళ్ళు ఇంకా ఉన్నారు. కానీ మారింది! ఒకరోజు పొద్దున్నే మేష్టారు పేపరు పట్టుకుని, చెప్పులైనా లేకుండా డాబా మీదికి పరుగెత్తుకొచ్చారు. గోడలు కట్టకుండా సోలార్ పలకల కోసం వేసే స్టాండు ఇకమీదట అంతస్తు కాదు, వేరే పర్మిషన్ అక్కర్లేదు. "వెంకటరత్నమ్మా! కట్టిన సామాన్లు విప్పెయ్యండి!" అని మెట్లలోకి కేకేశారు.

నాకు మాత్రం ఒకటే బెంగ. నా కాళ్ళేవి? ఈపాటికి పాతసామాన్ల కొట్లో కరిగిపోయి ఉంటాయి.

మధ్యాహ్నానికి ట్రాలీ ఆటోలో యేసుబాబు దిగాడు. "కాటాకేసేత్తాననుకున్నారా మేష్టారూ? మనసొప్పలేదండి. మా షెడ్డు రేకులకి ఊతంగా పెట్టుకున్నాను" అంటూ నా కాళ్ళు దింపాడు. అవే! ఒకదాని మీద పసుపు మరక ఇంకా ఉంది.

పలకలు విప్పారు. అపార్ట్‌మెంట్ అంతా వచ్చి హైస్సా అంటూ నన్ను పైకెత్తారు. రవ్వలు ఎగిశాయి. పైకి, ఇంకా పైకి! పిట్టగోడ కిందికి జారిపోయింది, దాని అవతల గోదావరి కనిపించింది. అబ్బ, మళ్ళీ చూస్తాననుకోలేదు.

ఇవాళ ఆ మున్సిపల్ ఆయన మళ్ళీ వచ్చాడు, ఎత్తు చూసుకోడానికి. నా నీడలోకి వచ్చి చెమట తుడుచుకున్నాడు. వెంకటరత్నం కాల్చిన అప్పడం చేతికిచ్చి, "ఇప్పుడిది అంతస్తా బాబూ?" అంది.

"పందిరేనమ్మా" అన్నాడు ఆయన, నవ్వుతూ.

నా మోకాళ్ళ దగ్గర వెల్డింగు మచ్చలున్నాయి. యేసుబాబు రంగు వేస్తానంటే మేష్టారే వద్దన్నారు. ఆ మచ్చల పక్కనుంచి వెంకటరత్నం వరసగా అప్పడాలు పరుచుకుంటూ వెళ్ళింది. చివరిదాకా వెళ్ళి, నడుం మీద చెయ్యి వేసుకుని, నా కింద నిటారుగా నిలబడింది. ఒకప్పుడు నేను చేసిన నేరం అదే.