మూడు నిమిషాల పరీక్ష

మూడూ ఇరవైకి లెక్క మొదలుపెట్టాను. పది నిమిషాల్లో నలభై అయిదు శాతం అయిపోయింది. ఇంకో పావుగంటలో పూర్తవుతుందని ఇంజనీరు గారికి చెప్పి దర్జాగా కుర్చీలో వెనక్కి వాలాను. ఆ దర్జా ఎంతోసేపు నిలవలేదు.

మాది నది నీటిమట్టం అంచనా వేసే చిన్న ఆఫీసు. పైన కురిసిన వాన, డ్యాం నుంచి వదిలిన నీళ్ళు కంప్యూటరుకి అందిస్తే, దిగువన ఏ గంటకి నీళ్ళు ఎంత ఎత్తు వస్తాయో అది లెక్కగట్టి చెబుతుంది. ఆ దిగువనే పంపు హౌసు ఉంది. వీధుల్లో నిలిచిన వాననీటిని నదిలోకి తోసేది అక్కడి పంపులే. నేలకి ఇరవై మెట్లు కింద, ఒకే ఒక్క తలుపు. ఆ రోజు అక్కడ డ్యూటీలో ఉన్నది మా అక్క, ఒక్కతే.

పంపు హౌసులో ఒక కట్టుబాటు ఉంది. మా ఆఫీసు నుంచి నీటిమట్టం అంకె రానిదే పంపులు ఆపి పైకి రాకూడదు. రెండేళ్ళ కిందట ఎవరో వరద వచ్చేస్తోందంటే డ్యూటీలో ఉన్నాయన పంపులు ఆపి వచ్చేశాడు. వరద రాలేదు గానీ నాలుగు వీధుల్లో మంచాలు తేలాయి. అప్పటినుంచి అక్కడివాళ్ళు ఎవరి మాటా వినరు, అంకె ఒక్కటే వింటారు. మా అక్క అయితే మరీను.

మూడూ నలభైకి తెర మీద యాభై ఆరు శాతం కనిపించింది. పది నిమిషాల్లో పదకొండంటే పదకొండే.

ఈ లాప్‌టాప్ తెప్పించింది నేనే. అంతకుముందు బల్ల కింద పెద్ద డెస్క్‌టాప్ పెట్టె ఉండేది, రోజంతా రుబ్బురోలులా మోగుతూ. దాని మీద నాకు చెడ్డ చిరాకు. రెండింటి ప్రాసెసర్లకీ ఒకటే పేరు, ఒకటే నంబరు. రెండింటి మీదా వేగం పరీక్ష నడిపాను. పెట్టెకి వంద మార్కులనుకుంటే లాప్‌టాప్‌కి తొంభై నాలుగు వచ్చాయి. తేడా నామమాత్రమని రిపోర్టు రాసి సంతకం గీకాను. అదే వారం పెట్టెను వేరే ఆఫీసుకి సాగనంపాం.

పేరు ఒకటైనంత మాత్రాన సత్తువ ఒకటవుతుందా? పెట్టెలో ప్రాసెసర్ మీద వేడి లాగేసే పిడికిలంత లోహపు దిమ్మ, రెండు ఫ్యాన్లు, కావలసినంత కరెంటు. ఎంతసేపైనా అదే వేగం. లాప్‌టాప్‌దో, పలచటి ఒళ్ళు. చల్లగా ఉన్నంతసేపు పరుగులు తీస్తుంది, వేడెక్కితే కాలిపోకుండా తనంతట తానే నెమ్మదిస్తుంది. ఉత్త ఆరంభ శూరత్వం. వానలు లేని రోజుల్లో మా లెక్క చిన్నది, రెండు నిమిషాల్లో అయిపోయేది కాబట్టి దాని గుట్టు బయటపడలేదు.

టేబుల్ ఫ్యాన్ లాక్కొచ్చి దాని మొహానికి పెట్టాను. అయినా అడుగు మీద చెయ్యి ఆనితే చురుక్కుమంది.

"ఏమయ్యా, అయిందా?" అన్నారు ఇంజనీరు గారు పక్క గదిలోంచి.

"అయిపోవచ్చిందండీ," అన్నాను. సిగ్గు లేకుండా.

మూడూ యాభైకి అరవై ఏడు. అప్పుడే అక్క ఫోన్ చేసింది.

"ఏరా, అంకె ఏదీ? మెట్ల మీంచి నీళ్ళు దిగుతున్నాయి. వానవో నదివో తెలీట్లేదు."

"పైకి వచ్చెయ్ అక్కా."

"రావచ్చు. అంకె చెప్పు, రాసుకుంటాను."

ఏదో ఒక అంకె చెప్పేద్దామనుకున్నాను. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అది తప్పయితే వీధులు మునుగుతాయి, అక్క ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే అక్కే పోతుంది. వెనక ఇంజనీరు గారు వచ్చి నిలబడ్డారని తెలుస్తూనే ఉంది.

"అంకె లేదక్కా. మెషీన్ సతాయిస్తోంది. తప్పు నాది. పాతదానికి సమానమని రాశానే, మూడంటే మూడు నిమిషాలు పరీక్షించాను. పెద్ద లెక్క దీనిమీద ఒక్కసారి కూడా నడపలేదు. నాకు భయమేస్తోంది. నీకు దండం పెడతాను, వచ్చెయ్."

ఇంజనీరు గారు నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నారు.

"అమ్మా, అంకె లేదు. రిజిస్టర్లో నా పేరు రాసి పంపులు ఆపి పైకి రండి. ఏమైనా అయితే నన్ను అడుగుతారు."

ఆ తర్వాత అక్క ఫోన్ కలవలేదు. పదిసార్లు చేశాను. ఇంజనీరు గారు నా వంక చూడలేదు, తిట్టలేదు కూడా. తిట్టినా బాగుండేది.

నాలుగూ ఇరవైకి లెక్క పూర్తయింది. నాలుగూ అయిదుకి పంపు హౌసు నేల మీదికి నీళ్ళు, నాలుగూ పదికి తలుపు సగం దాకా అని వచ్చింది. నేను గడియారం వంక చూసి మళ్ళీ అక్క నంబరు నొక్కాను.

నాలుగున్నరకి ఎవరిదో తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"నేనేరా. నా ఫోను నీళ్ళలో పడింది. ఇక్కడ కొట్లో అతన్ని అడిగి చేస్తున్నాను."

నేను ఏడ్చేశాను. ఏడవనిచ్చింది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

"ఒక్క సంగతి చెప్పు. మూడు నిమిషాలకే ఎందుకు ఆపావురా?"

అబద్ధం చెప్పే ఓపిక లేకపోయింది.

"తొంభై నాలుగు వచ్చిందక్కా. ఇంకాసేపు నడిపితే తగ్గుతుందేమోనని ఆపేశాను."