ఆగని గుండెకు కుట్టు

2002 ఆగస్టులో బెంగళూరు ఆసుపత్రివారు ఇచ్చిన అంగీకారపత్రంపై సంతకం చేయడానికి నేను నిరాకరించాను. పదకొండేళ్ల క్రితం మద్రాసులో వేసిన బైపాస్ నాళాలు రెండు పూడిపోయాయి. అప్పట్లో గుండెను ఆపి, దాని పనిని యంత్రానికి అప్పగించారు. ఆ తరువాత స్వల్పంగా పక్షవాతం వచ్చి రెండు నెలలు నా మాట తడబడింది. అందువల్ల ఈసారి యంత్రం లేకుండా, కొట్టుకుంటున్న గుండెపైనే కుట్లు వేస్తామని డాక్టరు గారు సెలవిచ్చారు. అది సాధ్యమని నమ్మడం నా చదువుకు తగదనిపించింది.

నేను పట్టుపరిశ్రమ శాఖలో, మదనపల్లె కార్యాలయంలో, సుదీర్ఘకాలం అధికారిగా పనిచేసి కుప్పంలో స్థిరపడినవాణ్ణి. ఒకరు చెబితే వినే అలవాటు లేదు. నా భార్య వసంతమ్మ నాతో వాదించక పుంగనూరుకు ఫోన్ చేసింది. మర్నాడే నిజాముద్దీన్ ఆసుపత్రికి వచ్చాడు. పట్టుగూళ్ల నుంచి దారం తీసే షెడ్డు అతనిది. నేను ఏటా తనిఖీ చేసినది.

"యాల సార్, సంతకం పెట్టలేదంట?" అన్నాడు స్టూలు లాక్కుంటూ.

"కదిలే గుండెను ఎలా కుడతారయ్యా?"

"మేం సేసేదీ అదే కదా సార్. ఒక గూడు అయిపోతే కొత్త గూటి పోగును తిరిగే దారానికే అతికిస్తాం."

"దారం చుట్టే చరకా ఆపి అతికించాలని నేను రాతపూర్వకంగా ఆదేశించాను."

"ఇచ్చినారు. మీ జీపు కనపడితే ఆపుతాంటిమి. మీరు పోతానే తిప్పుతాంటిమి. ఇరవై ఏండ్లు."

వసంతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మీది మొదటి తరగతి దారమని ప్రతి నివేదికలోనూ రాశానే."

"అది తిరుగుతాండగా అతికించిన దారమే సార్."

"చేయి వణకదా?"

"చరకా అంతా సూస్తే వణుకుతాది. మేం అతికించే చోటే సూస్తాం."

ఆ సాయంత్రం డాక్టరు గారిని అడిగాను. కుట్టు పడే కొద్దిపాటి చోటును మాత్రం ఒక పరికరంతో కదలకుండా పట్టి ఉంచుతామని, మిగిలిన గుండె తన పని తాను చేసుకుంటుందని వివరించారు. ఈ మాట మొదటి రోజే చెప్పారట. నేను విననే లేదు. సంతకం చేశాను.

పాత కోత గాయం కారణంగా రొమ్ము ఎముకకు అతుక్కున్న గుండెను విడదీయడానికే రెండు గంటలు పట్టిందట. యంత్రం అవసరమే రాలేదు. గొంతులోని గొట్టం తీసిన తరువాత వసంతమ్మ నా నోటి వైపే చూస్తూ నిలబడింది. "ఏదైనా మాట్లాడండి," అంది.

"నిజాముద్దీన్‌ను పిలువు."

"ఆయప్ప పొద్దున్నే పుంగనూరికి పోయినాడు. గూళ్లు వచ్చినాయంట." ఆమె కళ్లు తుడుచుకుంది.

వార్డుకు మార్చిన రోజున ఫోన్ కలిపించుకున్నాను. "నిజాముద్దీన్ గారూ, నమస్కారం," అన్నాను, ఇన్నేళ్లలో మొదటిసారి.

"ఎవరండీ మాట్లాడేది?" అన్నాడతను.

నా పేరు, పూర్వపు హోదా, ఊరు, అన్నీ స్పష్టంగా చెప్పి, మీకు నేను కృతజ్ఞుణ్ణి అన్నాను. ఒక్క అక్షరమూ తడబడలేదు.