పడవ గోడ

బాయిలర్‌కి ఒకవైపు పిడి బూట్ల మామ చేతిలో ఉంది, రెండోవైపు పిడి టీ అక్క చేతిలో ఉంది. మధ్యలో నీళ్ళు సలసల కాగుతున్నాయి.

"వదులమ్మా, ఒళ్ళు కాలుతుంది."

"కాలనివ్వండి. నా పొట్ట కొట్టడానికొచ్చిన వాళ్ళ ఒళ్ళేగా!"

ఇద్దరి కాళ్ళ కిందా నీలం పెచ్చులు నలుగుతున్నాయి. తెల్లారేసరికి తాళాల దుకాణం పక్కగోడ మీంచి మనిషెత్తు ముక్క ఊడిపడింది. గోడ మీద వేసిన బొమ్మలో పడవ ముందుభాగం పోయింది. అందులో కూర్చున్న మంగలి నడుం దాకా పోయాడు. అసలు మంగలి కత్తెర పట్టుకుని పక్కనే నిలబడి, తన కాళ్ళు ఎక్కడ పడ్డాయా అని నేల వెతుకుతున్నాడు.

సరిహద్దు గేటుకి వెళ్ళే దారిలో ఆ గోడ కనబడని చోటు లేదు. ఈ చివర నుంచి ఆ చివర దాకా నీలం నది, నది మీద పడవ, పడవ నిండా వీధి జనం. దర్జీ, మంగలి, తాళాలాయన, ఒళ్ళో జోళ్ళు పెట్టుకున్న బూట్ల మామ. వీధిలోని రేకు బోర్డులన్నీ రాసిన రంగుల బాబాయే ఈ గోడ కూడా వేశాడు.

"టీబండి ఇక్కడ పెట్టి నెల కాలేదు. ఆవిరంతా గోడకే. ఇంకేం కావాలి?" అన్నాడు మామ. వీధి దుకాణాల సంఘానికి ఆయనే పెద్ద. అంతలో జనం వెనక మెడలో కెమెరాతో నిలబడ్డ మనిషి ఆయన కంటపడ్డాడు. "ఇదిగో నవ్వొద్దు! రోజూ ఈ గోడకి ఫొటో తీసేది నువ్వే కదయ్యా. సాయంత్రం అన్నీ పట్టుకురా. పాలేవో నీళ్ళేవో తేలిపోతుంది. నేరం ఈవిడదని తేలితే బండి వీధి దాటాల్సిందే."

టీ అక్క పిడి వదిలేసింది. ఆమె ముఖంలోకి ప్రాణం వచ్చింది. "తీసుకురా తమ్ముడూ. ఇక నీ ఫొటోలే నాకు దిక్కు."

అతను తల ఊపాడు. కెమెరాకి మూత పెట్టేశాడు.

అతనికి వేరే పేరుండేది. అది ఎవరికీ గుర్తులేదు. గేటు పక్కన పర్మిట్ ఫొటోలు తీసే స్టూడియో అతనిది. వెనక తెల్లగుడ్డ, ముందు స్టూలు. వచ్చిన ప్రతివాడికీ అవే మాటలు: "గడ్డం కొంచెం పైకి. చెవులు కనబడాలి. నవ్వొద్దు." ఆ 'నవ్వొద్దు' మాటే పేరై కూర్చుంది. ఒకప్పుడు అతనూ పెట్టె పట్టుకుని అవతలికి వెళ్దామనే వచ్చాడు. పర్మిట్ రాలేదు. ఫొటో తీసిన స్టూడియో ముసలాయనకి పనివాడు కావాల్సొచ్చింది. మళ్ళీ అర్జీ పెట్టుకునేలోగా ఆయన పోయాడు, స్టూలు మిగిలింది. ఊరంతటినీ గేటు దాటించి తను మాత్రం గేటు పక్కనే ఉండిపోయాడు. పెళ్ళి సంగతి ఎవరైనా ఎత్తితే, "పిల్ల కూడా నవ్వకూడదు కదా, ఎక్కడ దొరుకుతుంది?" అనేవాడు.

పొద్దున్నే స్టూడియో తెరిచేలోపు మాత్రం తనకోసం ఫొటోలు తీసుకునేవాడు. మంగలి బోర్డు మీద మీసాలు, తాళాలాయన తలుపు మీద తాళంచెవి, మందుల కొట్టు రేకు మీద దగ్గుతున్న మనిషి. ఎవరూ అడగలేదు, ఎవరూ కొనలేదు. దుమ్ముపట్టిన రేకు మీద కాసిన్ని నీళ్ళు చిలకరిస్తే ఎరుపు ఎరుపవుతుంది, పచ్చ పచ్చవుతుంది. చేతికొచ్చిన చిట్కా అది. రేకు మీద నూనెరంగుకి నీళ్ళేం చేస్తాయి? తామరాకు మీద నీటిబొట్టే.

గోడ మీదున్నది నూనెరంగు కాదు. సున్నంలో జిగురు కలిపి వేసిన రంగు.

ఆ రోజు స్టూలు మీదకి మనుషులు వస్తూనే ఉన్నారు. మధ్య మధ్యలో కంప్యూటర్లో గోడ ఫొటోలు తిప్పి చూశాడు. ఒక్కోటీ ఒక్కో పెళ్ళికూతురు. నిన్నటి దాకా నీలం మెరుస్తూనే ఉంది. ఇవి చూసినవాడెవడైనా ఒకటే అంటాడు: నిక్షేపంలాంటి గోడ, పక్కకి బాయిలరొచ్చింది, గోడ కూలింది. తను నీళ్ళు కొట్టి తీశాడని ఫొటో చెప్పదు. రోజూ తాగి తాగి గోడ లోపల పిండైపోయిందనీ చెప్పదు.

రోజూ ఎందుకంటే, బాబాయి కోసం. పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆయన తాళాల దుకాణం మీది గదిలో మంచానికే. కిటికీ సరిగ్గా గోడకి పైనే ఉంది గానీ, తన బొమ్మ తనకి కనబడదు. మొదటిసారి అతను గోడని ఉన్నదున్నట్టు తీసి చూపించాడు. "ఇంత వెలిసిపోయిందా" అని బాబాయి అటు తిరిగి పడుకున్నాడు. ఆ పూట ముద్ద ముట్టలేదు. మర్నాడు తడిపి తీశాడు. "అదీ! ఎండపడితే అలా ఉంటుందిరా నా నీలం" అని లేచి కూర్చోబెట్టమన్నాడు.

మధ్యాహ్నం స్టూడియో మూసి పైకి వెళ్ళాడు. చెప్పేద్దామనే మెట్లెక్కాడు. చేతిలో మాత్రం నిన్నటి ఫొటో ఉంది.

"కింద గొడవేంట్రా?"

"టీ అక్కా, బూట్ల మామా."

"వాడు జోడులో ఒకటే అమ్మి రెండోదానికి మళ్ళీ రమ్మనే రకం. ఆవిడ తక్కువ తిందా? ఇద్దరికీ సరిపోయింది." ఫొటో దగ్గరగా పెట్టుకుని చూశాడు. "మంగలి నవ్వు బాగా కుదిరింది కదూ?"

"కుదిరింది బాబాయ్."

"నిన్ను పడవలో వేయలేదని ఎప్పుడూ అడగలేదేం?"

"ఫొటో తీసేవాడు ఒడ్డునే కదా ఉండాలి."

"అదే అనుకున్నాను నేనూ." ఆయన మంచి చేత్తో ఫొటోని గుండెల మీద పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. చెప్పాల్సింది చెప్పకుండానే అతను దిగొచ్చేశాడు.

సాయంత్రం గోడ ముందే పంచాయితీ. పైన కిటికీ తెరిచే ఉంది. బూట్ల మామ ఫొటోలు పేకముక్కల్లా ఒక్కోటీ పైకెత్తి చూపించాడు. "బండి రాకముందు! చూడండి, అద్దం! ఇంకెవరి పనయ్యా?"

టీ అక్క ఒకటి అందుకుంది. చాలాసేపు చూసింది. పొద్దుటి నోరు లేదిప్పుడు. "నిజంగానే ఎంత బాగుందో... ఇంత దగ్గరగా ఉండి నేనెప్పుడూ చూడనే లేదు. నా ఆవిరే తినేసిందంటావా తమ్ముడూ?"

అతను కిటికీ వైపు చూశాడు. గట్టిగా అంటే బాబాయికి వినబడుతుంది. అక్క బండి చక్రాల కింద రాళ్ళు తీయడానికి వంగింది.

అప్పుడు బాబాయి కూతురు మెట్లు దిగొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అన్నయ్యా, నాన్న లేవట్లేదు. నిద్రనుకున్నాను ఇంతసేపూ. ఒళ్ళు చల్లబడిపోయింది."

ఎవరో కుర్చీ తెచ్చారు. ఆమె కూర్చోలేదు. మంగలి మెల్లగా అన్నాడు, "గోడ పోయిందని చెవిన పడి ఉంటుంది. దిగులుతో పోయాడు." తలలన్నీ టీ అక్క వైపు తిరిగాయి. ఆమె చేతిలో రాయితో అలాగే కింద కూలబడింది.

ఇంతసేపూ బాబాయి కోసమే నోరు మూసుకున్నాననుకున్నాడు అతను. ఇప్పుడు బాబాయి లేడు. కిటికీ అవతల వినేవాళ్ళు లేరు. అయినా నాలుక లేవలేదు. ఎవరి కోసం ఊరుకున్నాడో అప్పుడు తెలిసొచ్చింది.

టీ అక్క గ్లాసులు కడిగే బకెట్‌లో చెంబు ముంచి, మిగిలిన గోడ మీద కొట్టాడు. వెలిసిపోయిన దర్జీ చొక్కా ఒక్కసారిగా చిలకపచ్చగా లేచింది. జనం 'ఆఁ' అన్నారు. అతను ఆ పచ్చ మీద బొటనవేలు ఆనించాడు. తీసేసరికి దర్జీ భుజం వేలికి ముద్దగా అంటుకొచ్చింది.

"మీరు ఫొటోల్లో చూసింది ఇదీ."

"అంటే రోజూ తడిపారా దీన్ని?" అన్నాడు మామ. "ఎవడు వాడు?"

అతను ఏదో అన్నాడు.

"గొణక్కు."

అతను తల పైకెత్తాడు. స్టూలు మీద కూర్చున్నవాడిలా నిటారుగా, చెవులు రెండూ కనబడేలా నిలబడ్డాడు.

"అక్క ఆవిరి కాదు. గోడని చంపింది నేను. బాబాయికి చూపించడానికి రోజూ తడిపింది నేనే."

మెట్ల మొదట్లో, గోడవారగా, బాబాయి తోలుచెప్పులు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ఎడమదాని మడమ మీద ఎండిన నీలం చుక్క ఒకటి, దుమ్ము కింద ఇంకా నీలంగానే ఉంది.