సోమక్క చాప

ఆడదాని గడప ముందు ఆడవాళ్లనే కాపలా కూర్చోబెట్టిన అప్పుల కంపెనీ పెద్దలారా, ఇది మీ పనే. సోమక్కది ఎండదెబ్బ చావని రాసుకుంటే రాసుకోండి. పొయ్యి ఆర్పింది మాత్రం మీరు.

ఆ పొద్దున కూడా సోమక్క ఎనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి కుప్ప ముందు గొంతుక్కూర్చుని, రంగు పోయిన తాలు కాయలు ఏరుతోంది. ముక్కుకూ నోటికీ కొంగు బిగించింది. వేళ్ల సందుల్లో చర్మం పగిలిపోయింది. కన్ను దురదపెడితే మోచేత్తోనే తుడుచుకుంటుంది. మనవరాలి బుగ్గ నిమరాలన్నా మోచెయ్యే.

పక్కన యమున చేతులు ఆడటం లేదు. మొగుడు లారీ మీంచి పడి కాలు విరిగినప్పటి నుంచి ఆమె కిస్తు కట్టలేదు. కలిసి అప్పు తీసుకున్న ఆడవాళ్ల గుంపులో ఒకరు కట్టకపోతే మిగతావాళ్లంతా ఆమె ఇంటి ముందు కూర్చోవాలి, డబ్బు చేతికొచ్చేదాకా లేవకూడదు. ఇంట్లో పొయ్యి వెలిగితే 'తిండికున్నయి, కిస్తుకు లేవా' అంటారు. అందుకే వెలిగించరు.

గుంపుకు లీడరు సోమక్క.

"అక్కా, ఇయ్యాల నా ఇంటి ముందట పరుత్తవా చాప?"

సోమక్క మొగుడు దవాఖానలో ఉన్నప్పుడు ఆమె గడప ముందూ గుంపువాళ్లు ఇలాగే కూర్చున్నారు. కటిక నేల మీద కూర్చున్నారని తనే లోపలి నుంచి నీలం చాప తెచ్చి వేసింది. పిల్లలు పచ్చి అటుకులు నమిలి పడుకున్నారు. అప్పటి నుంచి అదే గుంపు చాప అయింది.

"లే. హన్మకొండ కోర్టుకాడ పైసలు తీసుకోకుండ చూసే వకీలుంటదట. పోదాం."

"కోర్టా? ఇజ్జత్ పోతదక్కా."

"ఇంటి ముందట పదిమంది కూసుంటే ఉంటదా ఇజ్జత్?"

ఉచిత న్యాయ సహాయ కేంద్రంలో పద్మలత అనే వకీలు వాళ్ల చీరల మిర్చి ఘాటుకు వరసగా తుమ్మి, కుర్చీలు చూపించింది.

"పైసలొస్తే ముందుగాల దేనికి పెడుతున్నవమ్మా?"

"కిస్తుకే మేడం. మిగిల్తే బియ్యం."

"తలకిందులు చేసినవ్. ముందు బియ్యం, మందులు. అవి పోంగ మిగిలినదాన్ని బట్టి కిస్తు తగ్గించమని అడుగుదాం. ఇంటి ముందు మనుషుల్ని కూసోబెట్టుడు బెదిరింపే. మళ్లొస్తే నాకు ఫోన్ చెయ్."

కంపెనీకి దరఖాస్తు రాసి, నకలు యమున చేతిలో పెట్టింది. సోమక్క కొంగుముడి విప్పబోయింది.

"ఏమొద్దు. ఈ తుమ్ములాగితే చాలు."

సాయంత్రం కంపెనీ కుర్రాడు శశాంక్ యమున ఇంటి ముందు బైకు దిగాడు. "చాపేది సోమక్కా? పరుసుకోని కూసోండ్రి."

సోమక్క చుట్టిన చాపను చంకలో బిగించుకుని యమున గడపకు అడ్డంగా నిలబడింది.

"చాప నేను పరువ."

"లీడరువు, నువ్వే గట్లంటే ఎట్ల?"

"లీడర్ను గనుకనే అంటాన్న తమ్మీ. అప్పు లేదంటలేం. అన్నం తిని కడుతం. కూసోమంటే మీ ఆఫీసు ముందట కూసుంటం. చాప నేనే మోసుకొత్త."

"ఏసీ గాలన్న తగుల్తది, పాండ్రే," అంది వెనక గుంపులోంచి పూలమ్మ. ఆడవాళ్లు నవ్వారు. యమున కాగితం చూపించింది. శశాంక్ చదివి, పైవాళ్లు ఊరుకోరని గొణిగి, బైకెక్కాడు.

"పొయ్యి ముట్టియ్యి బిడ్డా," అని సోమక్క అరుగు మీద కూలబడింది. చాపను గోడకు ఆనించి, దాని మీదికి ఒరిగింది. పొద్దుటి నుంచీ ఎండలో తిరిగిన ఆమె ఏమీ తినలేదు.

యమున అన్నం వార్చి పళ్లెంలో పెట్టుకుని వచ్చేసరికి సోమక్క తల పక్కకు వాలి ఉంది. కుదిపింది. చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది, మిర్చి మంట మాత్రం యమున వేళ్లకు అంటుకుంది.

వారం తిరగకుండానే కంపెనీ ఇంకొకడిని పంపింది. చాప ఎవరి దగ్గరుందని అడిగాడట.

ఆపండి. ఇళ్ల ముందు ఎవరినీ కూర్చోబెట్టబోమని ఈరోజే రాసివ్వండి. అక్కల్లారా, మీరూ వినండి. ముందు బియ్యం కొనండి. కోర్టుకాడికి పోండి, అక్కడ పైసా అడగరు. ఇంకో ఆడదాని గడప ముందు కూర్చోకండి. కూర్చోక తప్పకపోతే కంపెనీ మెట్ల మీద కూర్చోండి. సోమక్క నీలం చాప యమున అరుగు మీద, గోడకు ఆనించి, చుట్టినది చుట్టినట్టే ఉంది.