గుసగుసకి పన్నెండు ఓల్టులు

మా ఊరు సత్తెనపల్లికి ఏడు మైళ్ళు. కిలోమీటర్లలో ఎంతో నన్నడగకండి. నేను బడి మానేసే నాటికి మా మేష్టారు ఇంకా మైళ్ళలోనే ఉన్నారు. ఆ బడిలో ఐదో తరగతి దాకా క్రీస్తుదాసు నాతో చదివాడు. నా పక్కన అనడం లేదు. వాడు కూర్చున్నది గుమ్మం దగ్గర.

పెద్దయ్యాక నేను మైక్ సెట్ పెట్టాను. నాలుగు హార్న్‌లు, ఇద్దరు మోస్తే గాని కదలని ఆంప్లిఫయరు. దాని మహిమ మా చుట్టుపక్కల అందరికీ తెలుసు. మా హార్న్‌లో పాట వేస్తే కల్లంలో ఆరబోసిన మిరపకాయల తొడిమలు వాటంతటవే ఊడిపోయేవి. తొడిమలు తీసే ఆడవాళ్ళు పని పోయిందని నా మీద పంచాయితీ పెట్టారు. పొదిలిలో ఓ ఏడాది పొగాకు కాల్చి ఎండబెట్టే బ్యారన్లకు కట్టెలే కొనలేదు, మా పాట వేడికే ఆకు ఎండింది. అమరావతి రేవులో చేపలు ఒడ్డుకొచ్చి, అది ఏ సినిమాలో పాటని అడిగి మరీ వెళ్ళాయి. ప్రతి కథ చివరా "నిజంరా, ఒట్టు!" అనడం నా అలవాటు. ఆ ఒట్టు దగ్గరే జనం ఎక్కువ నవ్వేవాళ్ళు.

ఆ సెట్ మీద పేరు నాది. మైకులో మాట నాది. స్తంభం ఎక్కి హార్న్ కట్టడం, వైర్లు కలపడం, కాలిపోయినవాటిని విప్పి బాగుచేయడం అన్నీ దాసువి. ఇది మాత్రం కథగా ఎప్పుడూ చెప్పలేదు.

నిరుడు దాసు గొంతులో పుండు లేచింది. ముందు మాట బొంగురుపోయింది, తర్వాత గుసగుస ఒక్కటే మిగిలింది. ఈ ఏడు మిరప రెండో కోత అయిన వారంలో గుంటూరు డాక్టరు తేల్చి చెప్పాడు: సోమవారం గొంతు తీసెయ్యాలి, తీస్తే మనిషి బతుకుతాడు, ఆ గుసగుస కూడా ఉండదు. దానికి రెండు రోజుల ముందు, శనివారం, వాడి కూతురు ఆరాధనకి చర్చిలో ప్రధానం, అంటే పెళ్ళికి ముందు ఉంగరాలు మార్చుకునే నిశ్చితార్థం. పాస్టరు గారి ప్రార్థన అయ్యాక పిల్ల తండ్రి లేచి, అందరి ముందూ పిల్లను పేరు పెట్టి పిలిచి నాలుగు మాటలు దీవించడం వాళ్ళ ఆనవాయితీ. ఆ నాలుగు మాటలూ తన గొంతుతోనే చెప్పాలని దాసు పట్టు. 

గురువారం పొద్దున మా ఇంటికొచ్చాడు. జేబులోంచి అరచేయంత రేకు పెట్టె తీసి అరుగు మీద పెట్టాడు.

"ఇదేందిరా దాసూ, పొడుం డబ్బానా?"

"ఆంప్లిఫయరండీ, యలమందయ్యగారూ. డిజిటల్‌ది. బెన్నీ తెప్పించాడు." బెన్నీ అంటే కాబోయే అల్లుడు, పొదిలి పిల్లవాడు, సెల్ టవర్ల దగ్గర పనిచేస్తాడు. దాసు మాట వినాలంటే చెవి తీసుకెళ్ళి వాడి నోటి దగ్గర పెట్టాలి. "మన పాతది తిన్న కరెంటులో సగం వేడికే పోయేది. ఇది వేడెక్కదు."

"ఇది ఊరికి వినపడిద్దా?"

"ఊరికెందుకండీ. చర్చిలో నూట యాభై మందికి చాలు."

పెట్టె వెనక రంధ్రాలున్నాయి. నేను కళ్ళద్దాలు పెట్టుకుని చూసి, నాకూ తెలుసన్నట్టు అన్నాను: "బ్లూటూత్ ఉన్నట్టుందే. ఇంకేంరా, వైరూ గీరూ లేకుండా ఫోన్లో మాట్టాడు, దాంట్లోంచి వచ్చిద్ది."

వాడు తల అడ్డంగా ఊపాడు. "చూశానండీ. పెదవి కదిలాక కాసేపటికి మాట వస్తంది. చచ్చినోడు మాట్టాడినట్టుంది. పిల్ల ముందు అట్టా వద్దు."

"మరి ఈ రెండో బొక్క?"

"అది పాటలకండీ. ఫోను పెడితే సరిపోద్ది. మైకు తిన్నగా పెడితే చీమ నడిచినంత కూడా రాదు." అగ్గిపెట్టెలో సగం ఉన్న ఇంకో ముక్క చూపించాడు, తనే టంకం వేసి తయారుచేసింది. "మైకు ముందు దీంట్లోకి, దీంట్లోంచి దాంట్లోకి. గుసగుసలో గాలే గాని గొంతుండదు గదండీ. అందుకని రెండుసార్లు పెంచాలి."

"బాగానే ఉంది. మరి దీనికి తిండి?"

"పంతొమ్మిది ఓల్టుల ల్యాప్‌టాప్ చార్జరు. కరెంటు పోతే మందు కొట్టే స్ప్రేయర్ బ్యాటరీ. పన్నెండు."

నాకు నవ్వాగలేదు. "ఒరేయ్, పురుగులమందు డబ్బా బ్యాటరీతో పిల్లకి దీవెనలా? పెట్టె మీద ఇరవై నాలుగు దాకా అని రాసుందిగా. ఇరవై నాలుగు తాగే గేదెకి పన్నెండు పోస్తావా?"

దాసు పెట్టె మూత తీశాడు. లోపల గోలీకాయంత నల్ల డబ్బాలు నాలుగు నిలబడి ఉన్నాయి. వాటిలో ఒకదాని మీద గోరు పెట్టాడు.

"దీని మీద చూడండి, పాతిక అని రాసుంది. పాతిక దాటితే పేలుద్ది. ఓల్టులంటే కాలవలో నీళ్ళ ఎత్తండీ. ఆంపియర్లంటే కాలవ వెడల్పు. వెడల్పు ఎంతున్నా పరవాలా, పొలం తాగినంతే తాగుద్ది. ఎత్తు గట్టు దాటితే చేను పోద్ది. ఇరవై నాలుగంటే గట్టు అంచునే పారినట్టు. పంతొమ్మిది మర్యాద."

"పన్నెండుకి గొంతు తగ్గదూ?"

"గుసగుసకి పన్నెండు చాలండీ."

"సరేలే," అన్నాను లేస్తూ. "ఈసారైనా కిందపడకుండా పిల్ల పేరు మొత్తం చెప్పు."

ఇది మా ఊళ్ళో నేను ఎక్కువసార్లు చెప్పిన కథ. ఇరవై ఏడేళ్ళ కిందట మా చెల్లెలి కూతురి పెళ్ళికి మైకు కట్టాం. దాసు స్తంభం మీదున్నాడు. లేకలేక వాడికి ఆడపిల్ల పుట్టిందని ఊరి చివర వాళ్ళ పల్లెలోంచి కబురొచ్చింది. సంబరం పట్టలేక మైకు పైకి లాక్కుని, "నా కూతురు పుట్టిందండోయ్, దాని పేరు ఆరా..." అన్నాడు. నాలుగు హార్న్‌లలోంచి తన గొంతు తనకే వినపడేసరికి దడుసుకుని, స్తంభం మీంచి జారి సాంబారు గుండిగలో పడ్డాడు. వాడు పడ్డ సాంబారు మనవాళ్ళు తింటారా? గుండిగ మొత్తం పల్లెకి పంపించాం. పిల్ల పుట్టిన విందు అట్టా మా ఖర్చు మీద జరిగిపోయింది. నిజంరా, ఒట్టు!

ఈ కథకి దాసు కూడా నవ్వేవాడు. గురువారం నవ్వలేదు. పెట్టె మూత బిగించి, జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

శనివారం పదకొండింటికి చర్చి నిండింది. పదకొండూ పదికి కరెంటు పోయింది. పెద్ద లైను మీద పని, నాలుగింటి దాకా రాదని లైన్‌మన్ ఫోన్లో చెప్పాడు. చర్చి మైకు మూగబోయింది. పొదిలి నుంచి వచ్చినవాళ్ళు మూడింటికల్లా తిరిగి బయల్దేరాలి. దాసు కంగారుపడలేదు. బల్ల కింద నుంచి స్ప్రేయర్ బ్యాటరీ తీసి, స్పీకర్లకు కలిపిన తన రేకు పెట్టెకి రెండు వైర్లు తగిలించి, మైకు దగ్గరికి వంగాడు.

"హలో."

అంతే. ఊపిరి తప్ప ఏమీ లేని మాట. ఆఖరి బెంచీలో ముసలమ్మలు తలలెత్తారు. నాలుగు నెలలుగా ఇంట్లోవాళ్ళు తప్ప ఎవరూ వినని మనిషి ఒక్కసారిగా అందరి చెవి దగ్గరా ఉన్నాడు. చాపల మీద కూర్చున్న ఆరాధన పమిటతో కళ్ళొత్తుకుంది.

నేను సంతోషించాల్సింది. నా పక్కన షామియానాల గౌస్ బాషా మోచేత్తో పొడిచాడు. "ఏమయ్యో ప్రొప్రయిటరూ! దాసు పొడుం డబ్బాతో నీ నాలుగు హార్న్‌లనీ మింగేశాడే!"

ఆ మాట నాకెక్కడో గుచ్చుకుంది. చర్చి వెనక నావి రెండు ట్రాక్టర్లున్నాయి, చుట్టాలను తీసుకొచ్చినవి. యలమందయ్య ట్రాక్టర్లు రెండు వాకిట్లో ఉండగా మందు డబ్బా బ్యాటరీతో ప్రధానమా? పాస్టరు గారి ప్రార్థన పొడుగ్గా సాగుతోంది. నేను వెనక నుంచి బయటికి జారుకున్నాను. రెండు ట్రాక్టర్ల బ్యాటరీలనూ ఒకదాని వెనక ఒకటి కలిపాను. పన్నెండూ పన్నెండూ ఇరవై నాలుగు, ఐదో తరగతి లెక్క. మధ్యలో బ్యాటరీ దిగిపోకుండా ఇంజన్లు ఆన్ చేశాను. మైక్ సెట్ రోజుల్లో మేం అట్లాగే చేసేవాళ్ళం. వైర్లు కిటికీలోంచి లోపలికి లాగి, బల్ల పక్కన కూర్చుని, స్ప్రేయర్ బ్యాటరీ ఊడదీసి పక్కన పెట్టాను.

ఇంజను నడిచే ట్రాక్టరులో బ్యాటరీ దగ్గర పన్నెండు ఉండదు, పద్నాలుగున్నర ఉంటుంది. రెండు కలిస్తే ఇరవై తొమ్మిది. అది మా బడిలో చెప్పలేదు. దాసుకి తెలుసు.

ఆమెన్ అన్నారు. దాసు లేచి మైకు ముందుకొచ్చాడు. నా చేతిలో వైర్లు చూశాడు. కిటికీ వైపు చూశాడు. రెండు ఇంజన్ల దడదడ చర్చి గోడల మధ్య తిరుగుతోంది. వాడు రెండు చేతులూ ఊపుతూ నాతో ఏదో అంటున్నాడు, నోరు పెద్దగా తెరిచి, మెడ నరాలు బిగిసేటట్టు. నాకు వినపడలేదు. ఎవరికీ వినపడలేదు. కలపండి, కలపండి అంటున్నాడనుకున్నాను.

కలిపాను.

టప్‌మంది. పెట్టె సందుల్లోంచి సన్నటి పొగ లేచింది, గోళ్ళు కాలిన వాసన.

బెన్నీ పరుగెత్తుకొచ్చాడు. "ఎన్ని ఓల్టులిచ్చారండీ?"

"ఇరవై నాలుగేనయ్యా. పెట్టె మీద రాసినంతే."

అతను కిటికీలోంచి ట్రాక్టర్ల వైపు చూశాడు. మూత తీస్తే నాలుగు నల్ల డబ్బాల్లో రెండు చిట్లి దూదిలా విచ్చుకున్నాయి. దాసు టంకం వేసిన చిన్న ముక్క కూడా నల్లబడింది.

జనం గుసగుసలాడుతున్నారు. విడ్డూరం చూడండి, వాళ్ళ గుసగుసలన్నీ బాగా వినపడుతున్నాయి.

దాసు నా చెయ్యి పట్టుకుని మైకు ముందుకు లాగాడు. నా చెవి తన నోటి దగ్గరకు వంచుకున్నాడు. "మీరు చెప్పండి," అన్నాడు. "ఎప్పుడూ మీరే గదా చెప్పేది."

వాడు నా చెవిలో చెబుతుంటే నేను పైకి చెప్పాను. నా గొంతుకి ఆంప్లిఫయరు అక్కర్లేదు.

"అమ్మా ఆరాధనా..."

సద్దుమణిగింది.

"నువ్వు పుట్టిన రోజున నేను మైకు స్తంభం మీదున్నాను."

ముందు బెంచీలో ఎవడో కిసుక్కున నవ్వాడు. గౌస్ బాషా గట్టిగానే అన్నాడు, "ఆ, సాంబారు వస్తంది, సాంబారు!"

"నీ పేరు మైకులో చెప్పబోయాను. సగమే చెప్పాను. నేను కిందపడలేదమ్మా. కింద వైరు లాగేశారు. మా పెళ్ళి మైకులో పల్లె పిల్ల పేరేందిరా అని లాగేశారు."

"ఇదేదో కొత్తగా ఉందే!" అన్నారెవరో. నవ్వులు పెరిగాయి.

తర్వాతి మాట దాసు నా చెవిలో చెప్పాడు. నేను ఆగాను. వాడు నా చెయ్యి నొక్కి మళ్ళీ అదే చెప్పాడు. 

"లాగింది యలమందయ్యగారు," అన్నాను. ఎవరో వేరే మనిషి గురించి చెప్పినట్టుందని మళ్ళీ చెప్పాను. "లాగింది నేను."

చర్చి గొల్లుమంది. గౌస్ బాషా తొడ చరుచుకున్నాడు. "తన మీదే వేసుకున్నాడురా ముసలోడు! నలభై ఏళ్ళలో ఇంత బాగా ఎప్పుడూ చెప్పలా!" పొదిలి చుట్టాలు కథేమిటని పక్కవాళ్ళనడుగుతున్నారు, పక్కవాళ్ళు గుండిగ సంగతి చెబుతున్నారు, వాళ్ళూ నవ్వుతున్నారు.

"నిజంరా!" అని అరిచాను. "ఒట్టు!"

ఒట్టు అనేసరికి ఇంకా నవ్వారు.

దాసు పెదవులు కదులుతూనే ఉన్నాయి. దీవెన ఇంకా మొదలే కాలేదు. వాడి నోటికీ నా చెవికీ జానెడు దూరం, అయినా ఆ నవ్వుల్లో నాకు ఒక్క ముక్క అందలేదు. "మళ్ళీ చెప్పరా, మళ్ళీ చెప్పు," అంటున్నాను. దగ్గు తెర వచ్చింది. నోటికి తుండు అడ్డం పెట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు. ఆరాధన లేచి వచ్చి తండ్రి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చెవి వంచింది. దగ్గు ఆగలేదు. కాసేపు చూసి పాస్టరు గారు ఉంగరాలు తెమ్మన్నారు.

నేను వెళ్ళి ఇంజన్లు ఆపాను.

సోమవారం సాయంత్రం ఆరాధన గుంటూరు నుంచి ఫోన్ చేసింది. "ఆపరేషన్ బాగా జరిగింది, యలమందయ్యగారూ," అంది. శుక్రవారం దాకా నన్ను పెదనాన్నా అనేది.

ఇప్పుడు టీ బంకు దగ్గర నన్ను చూస్తే చాలు, "ఆ ప్రధానం కథ చెప్పవయ్యా, వైరు నువ్వే లాగిన కథ!" అని కుర్చీ జరుపుతున్నారు. నిజమని చెబుతాను. టీ గ్లాసులు పట్టుకుని నవ్వుతారు.

ఆ రోజు ఊడదీసిన స్ప్రేయర్ బ్యాటరీ వైర్లతోపాటు నా ట్రాక్టర్లో మా ఇంటికి వచ్చేసింది. తిరిగి ఇవ్వాలి, నాలుగుసార్లు పల్లె మలుపు దాకా వెళ్ళి వెనక్కొచ్చాను. మొన్న మీటరు పెట్టి చూశాను. పన్నెండూ పాయింటు ఆరు. నిండుగా ఉంది.