హెలెన్ పక్కన నడక

పోయిన ఏడాది కటూంబా కొండల్లో దారి తప్పిన నీలిమను వెతికి తెచ్చింది హెలెన్ అనే రెస్క్యూ దళం వలంటీరు. ఆ దళానికి విరాళాల కోసం ఇవాళ అవే కొండల్లో నడక పెట్టారు. "పాములుంటాయే, కాలు జారుతుందే" అని దారంతా సణుగుతూనే కూతురిని టూంగాబీలోని ఇంటి నుంచి కారులో తీసుకొచ్చింది శ్యామసుందరి.

కారు దిగీ దిగగానే నీలిమ పరుగెత్తి హెలెన్‌ను వాటేసుకుంది. చొక్కాకి నంబరు కాగితం కూడా ఆవిడ చేతనే పెట్టించుకుంది. శ్యామసుందరికి కడుపు మండిపోయింది. బిడ్డ ప్రాణం నిలబెట్టిన మనిషే, కాదనదు. కానీ కన్నది తను కదా!

"హెలెన్ ఉంటే నాకు భయం లేదమ్మా, యు గో హోమ్," అంది నీలిమ.

"నేనుంటే భయమా? జరుగు!" అంటూ శ్యామసుందరి ఇద్దరి మధ్యా దూరి, చెప్పులతోనే పన్నెండు కిలోమీటర్ల నడకకు బయలుదేరింది.